స్కైలార్క్ లోంచి తప్పుకున్న మనిషి

పక్కింటి కేట్లిన్‌ను నాలుగేళ్ళుగా నా కారులోనే ఫ్యాక్టరీకి తీసుకెళ్తున్నాను. ఆ నాలుగేళ్ళలో ఆ పిల్ల కళ్ళు తెరుచుకుని కూర్చున్న రోజులు బహు తక్కువ. సీటు బెల్టు పెట్టుకుంటుంది, కిటికీకి తల ఆనిస్తుంది, అంతే, నిద్ర. బ్రేకు వేస్తే తల అద్దానికి టంగుమని కొట్టుకుంటుంది, అయినా లేవదు. ఇరవై రెండేళ్ళకే ఇంత అలసట ఏమిటమ్మా అని నాకు ఒళ్ళు మండేది. నేను మాత్రలు పెట్టెలకెత్తే విభాగంలో పొద్దంతా నిలబడే పనిచేస్తాను. నాకూ కాళ్ళు పీకుతాయి. కానీ నా పని గేటు దగ్గరే ఆగిపోతుంది, దాని పని దాని వెనకాలే ఇంటికొస్తుంది.

దానిది డేటా సైన్స్ అప్రెంటిస్ ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు మందుల కంపెనీ ఆఫీసులో పని, ఒక రోజు యూనివర్సిటీ చదువు. ఆ ఒక్క రోజులో ఇమడని చదువంతా సాయంత్రాలూ శనివారాలూ తినేస్తుంది. ఫీజు కంపెనీదే, పైగా జీతం. "అదృష్టం తన్నుకొచ్చిందే నీకు!" అని వీధిలో అందరూ అంటే, "అవును, బాగా తన్నింది" అనేది ఆవలిస్తూ.

ఆఖరి ఏడాది ఒక ప్రాజెక్టు చేసి పరీక్షకుల ముందు నిలబడాలి. నెగ్గితే డిగ్రీ, దాంతోపాటే పర్మనెంటు ఉద్యోగం. కొత్త మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు కొందరు మధ్యలోనే మానేస్తారు. ఎవరు మానేయబోతున్నారో కంప్యూటర్ ముందుగానే పసిగట్టేలా చేయాలి, అదీ దాని ప్రాజెక్టు. పేర్లు ఉండవు, నంబర్లే; ఒక్కో నంబరు పక్కన వయసు, ఆసుపత్రి, మానేస్తే చెప్పిన కారణం. ఎవరికి అసలు మందు పడుతోందో, ఎవరికి ఉత్త మాత్ర పడుతోందో దానికి తెలియదు, డాక్టరుకు తెలియదు, మింగేవాడికీ తెలియదు. ఏడాదిపాటు ఆ నంబర్లతోనే కాపురం చేసింది.

ఆదివారం భోజనానికి వాళ్ళు నన్నూ పిలుస్తారు. తల్లి డెనీస్, తాత క్లిఫ్, ఈ పిల్ల, నేను. క్లిఫ్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. పెద్దాసుపత్రిలో ఏదో కొత్త మందు ట్రయల్‌లో చేరాడని అందరికీ తెలుసు. ఏ ట్రయలని ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, "మా స్కైలార్క్ నర్సు ఈసారి బిస్కెట్లు కూడా పెట్టింది" అన్నాడు.

కేట్లిన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "ఏం పేరన్నావు తాతయ్యా?"

"స్కైలార్క్. ట్రయల్‌కి పిట్ట పేరు పెట్టారు. పనీపాటా లేక!"

మర్నాడు కారులో ఆ పిల్ల నిద్రపోలేదు.

"అది నా ట్రయలే, నోరీన్ ఆంటీ. మా కంపెనీ మందే. ఆ ఆసుపత్రిలో ఆ వయసు మగవాళ్ళు నలుగురైదుగురు కూడా ఉండరు. చూస్తే తాతయ్య నంబరు ఇట్టే దొరికిపోతుంది."

"చూడకు."

"చూడను. కానీ చూడగలను కదా! ఇంట్లోవాళ్ళు ట్రయల్‌లో ఉంటే కంపెనీకి చెప్పి తీరాలి. చెబితే ప్రాజెక్టు లాగేసుకుంటారు. మళ్ళీ మొదటికి."

"అయితే చెప్పకు, పిచ్చి మొహమా! నువ్వు చెప్పకపోతే ఆ పిట్టకేం తెలుస్తుంది?"

"నిజమే" అంది. "ఇంకో ఏడాది ఇలా లాగే ఓపిక నాకు లేదాంటీ."

హమ్మయ్య అనుకున్నాను. మధ్యాహ్నానికి వెళ్ళి చెప్పేసింది.

దాని మేనేజరు గ్రేమ్ చెడ్డవాడేం కాదు. టీ ఇప్పించాడట, నిజాయితీని మెచ్చుకున్నాడట, సాయంత్రంలోగా ఆ ఫైళ్ళేవీ దానికి తెరుచుకోకుండా చేశాడట. వేరే ప్రాజెక్టు చూస్తాడట, పరీక్ష వచ్చే ఏడాదికట. మెచ్చుకోలు ఎవడిక్కావాలి, కూడు పెడుతుందా? నేను దారి పొడవునా గ్రేమ్‌ను తిడుతూనే ఉన్నాను. అది వినకుండా నిద్రపోయింది.

తాతయ్యకు చెప్పొద్దని తల్లిని బతిమాలుకుంది. కానీ డెనీస్ నోట్లో నువ్వుగింజ నానదు.

తర్వాతి ఆదివారం క్లిఫ్ మాంసం కోయడానికి లేచి నిలబడ్డాడు. ఈమధ్యనే ఆ కత్తి మళ్ళీ ఆయన చేతికొచ్చింది. అంతకుముందు చాలాకాలం డెనీసే కోసేది. అది మందు గుణమో, ఎండాకాలం గుణమో ఆ దేవుడికే తెలియాలి. ఒక్కో ముక్కా పల్చగా కోసి అందరి పళ్ళాల్లో వేశాడు.

"తల్లీ, నీ పీడ వదిలించేశాను" అన్నాడు. "నర్సుకు ఫోన్ చేసి తప్పుకున్నాను. ఇక నేను అందులో లేను. రేపు వెళ్ళి నీ ప్రాజెక్టు నీకిచ్చేయమను."

ఆయన మొహం వెలిగిపోతోంది. కేట్లిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పుకున్నా నువ్వు అందులోనే ఉంటావు తాతయ్యా. ఇప్పటిదాకా రాసుకున్నవి తీసెయ్యరు."

"తీసెయ్యమని నేనే చెబితే?"

"అయినా తీసెయ్యరు. మానేసినవాళ్ళందర్నీ తీసేసుకుంటూ పోతే బాగుపడ్డవాళ్ళే మిగులుతారు. అప్పుడు మట్టి పెట్టినా మందే అవుతుంది."

"మరి నీ ప్రాజెక్టు?"

"రాదు."

క్లిఫ్ కత్తి కింద పెట్టాడు. "పోనీ, మళ్ళీ చేరతానంటే?"

"చేర్చుకోరు తాతయ్యా."

"ముసలాడా, ఒక్క మాట అడిగి చావకూడదూ!" అని అరిచేశాను.

"అడిగితే వద్దనేది" అన్నాడు నెమ్మదిగా.

డెనీస్ తలెత్తలేదు. ఎవరి పళ్ళెం వాళ్ళ ముందు చల్లారిపోతోంది. కేట్లిన్, "నర్సు కారణం అడగలేదా?" అంది.

"అడగకేం! నీ మాట చెబితే నీ మెడకు చుట్టుకుంటుందేమోనని భయపడ్డాను. విసుగొచ్చింది, ఇక తిరగలేనన్నాను. అదే రాసుకుంది."

ప్రాజెక్టు పోయిన రోజు కూడా ఏడవని పిల్ల బావురుమంది. క్లిఫ్ కంగారుపడి కుర్చీ జరుపుకుని పక్కకొచ్చాడు. "ఏమైంది తల్లీ? తప్పు చెప్పానా?"

"విసుగొచ్చిందని ఎంతమందో రాయించారు తాతయ్యా. ఏడాదంతా చదివాను. దాని వెనక ఇంకేదో కారణం ఉందేమోనని ఒక్కళ్ళను కూడా అనుమానించలేదు."