ట్రంపెట్ మీద రుమాలు

నా చిన్నప్పుడు మేం డెట్రాయిట్‌లో ఉండేవాళ్లం. పక్కింట్లో ఒక్కరే ఉండే నల్లజాతి పెద్దాయన్ని తాతయ్యా అని పిలవమంది అమ్మ. జాజ్ సంగీతం ఇంకా కొత్తగా ఉన్న కాలంలో ఆయన తొమ్మిది మంది బ్యాండ్‌కి నాయకుడు. ఊరూరా తిరిగి ట్రంపెట్, అంటే మూడు మీటలుండే బాకా, వాయించారు.

ఆయన గోడ మీద ఆ బ్యాండ్ ఫోటో ఉండేది. అందులో అందరి చేతులూ కనిపించేవి, తాతయ్య కుడిచెయ్యి తప్ప. దాని మీద తెల్ల రుమాలు. ఎందుకని అడిగాను. వేరే బ్యాండ్‌ల వాళ్లు ముందు వరసలో కూర్చుని తన వేళ్లు చూసి నేర్చేసుకుంటారని కప్పుకునేవారట.

నాకది తెగ నచ్చింది. స్కూల్ బ్యాండ్‌లో నేనూ ట్రంపెట్ వాయించేదాన్ని. శుక్రవారం పరీక్షలో ఎవరు బాగా వాయిస్తే వాళ్లదే మొదటి కుర్చీ. పాటలో ఒకచోట అందరి వేళ్లూ తడబడేవి. అక్కడ రెండు మీటలు కలిపి నొక్కే బదులు మూడో మీట ఒక్కటే నొక్కినా అదే స్వరం వస్తుందని నేను కనిపెట్టాను. ఎలా వాయిస్తున్నావని పక్క కుర్చీ అమ్మాయి అడిగితే, మా దేవుడిచ్చాడని చెప్పాను. మర్నాడు నాన్న రుమాలు పట్టుకెళ్లి చేతిమీద కప్పుకున్నాను.

సాయంత్రం ఇదంతా తాతయ్యకి గొప్పగా చెప్పాను. ఆయన తిట్టలేదు. రుమాలు కప్పుకునే వాయించమని, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. నేను ఆపగానే తన ట్రంపెట్ తీసి అదే ముక్క అదే వేగంతో వాయించారు.

"మూడోదేగా?" అన్నారు. "చెవులకి కప్పే రుమాలు ఎక్కడ దొరుకుతుంది?"

మరి మీరెందుకు కప్పుకున్నారని అడిగాను. ట్రంపెట్ పక్కన పెట్టి చెప్పారు. రికార్డుల కంపెనీ వాళ్లు ముందు ఆయన దగ్గరికే వచ్చారట. రికార్డు కొన్న ప్రతివాడూ పదేపదే విని తన పద్ధతి లాగేసుకుంటాడని భయపడి, వద్దని పంపేశారు. వాళ్లు ఇంకో బ్యాండ్ దగ్గరికి వెళ్లారు. ఆ రికార్డులు ఇంకా షాపుల్లో ఉన్నాయి. తాతయ్య బ్యాండ్ చెదిరిపోయింది, ఆయన కార్ల ఫ్యాక్టరీలో చేరారు.

"ఎవరూ దొంగిలించలేదమ్మా," అన్నారు ఫోటో చూపిస్తూ. "ఇదిగో, ఎలా వాయించామో విను."

చిన్నదాన్ని, నిజంగానే ఫోటో అద్దానికి చెవి ఆనించాను.

గురువారం పక్క కుర్చీ అమ్మాయికి మూడో మీట చూపించాను. శుక్రవారం మొదటి కుర్చీ ఆమెకే వచ్చింది. ఏడ్చాను, అబద్ధమెందుకు. కానీ సోమవారం ఆ అమ్మాయి తను కనిపెట్టిన ఇంకో కిటుకు తెచ్చి ముందు నాకే చూపించింది.

ఇప్పుడు డెట్రాయిట్ పక్కనే ఉన్న నోవైలో మనవాళ్ల ఇళ్లకి భోజనానికి వెళ్తే, ఎవరో ఒకరు గొంతు తగ్గించి ఫలానా మంత్రం, ఫలానా మందు బయటికి చెబితే పనిచేయదంటారు. చెబితే చెడిపోయేది విద్య ఎలా అవుతుంది? రుమాలు తియ్యండి, చూద్దాం అంటాను. కొందరు నన్ను పిలవడం మానేశారు.

తాతయ్య ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది. ఆ తొమ్మిది మందీ ఎలా వాయించేవారో తెలుసుకునే దారి లేదు. అయినా, ఇంత తర్కం మాట్లాడే నేను, దుమ్ము తుడిచినప్పుడల్లా ఆ అద్దానికి ఓసారి చెవి ఆనిస్తాను.