కోటమ్మ చీర ముక్క

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా డైరీకి కూడా: కోటమ్మ మీద ఫిర్యాదు కాగితం రాసింది నేనే. ఈ ఉదయం ఎదురింటివాళ్లు ఎండుమిరపకాయలు వేయిస్తుంటే ఘాటు గొంతుకు అడ్డం పడింది. కిటికీ మూశాను. దగ్గు తగ్గింది, నా మీద నాకున్న కోపం తగ్గలేదు.

డిగ్రీ అయ్యాక నల్లపాడు దగ్గర మిరపకాయల షెడ్డులో హాజరు రాసే పనికి కుదిరాను. అక్కడ ఆడవాళ్లు పొద్దస్తమానం కాయలకు తొడిమలు తీస్తారు. వాళ్ల పిల్లలకు రెండు గదులు. ఒకటి నడిచేవాళ్లకు, ఒకటి పాలు తాగేవాళ్లకు. పాలపిల్లల గది కోటమ్మది. తొడిమలు తీసిన చేతులు ఎంత కడిగినా మండుతూనే ఉంటాయి, వాటితో బిడ్డను తాకకూడదు. అందుకని పాలివ్వడానికి వచ్చిన తల్లి గోడకానుకుని కూర్చుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. కోటమ్మ తడిగుడ్డతో ఆమె రొమ్ము తుడిచి, తాగినంతసేపూ బిడ్డను తన చేతుల్లో మోసేది. నాగమణి కూతురు దుర్గకు ఎనిమిది నెలలు. పాలు తాగుతూ కోటమ్మ బొటనవేలు గట్టిగా పట్టుకునేది.

“ఏం పెద్దమ్మా, నా కూతుర్ని లాగేసుకున్నావే! ఇంటికెళ్తే నన్ను చుట్టాన్ని చూసినట్టు చూస్తంది,” అంది నాగమణి ఒకరోజు. నవ్వుతూనే అంది కానీ కళ్లు నవ్వలేదు.

“ఓసి పిచ్చిదానా! మనిషిని నమ్మటం ఇక్కడ నేర్చుకుంటంది. సాయంత్రం ఆ నమ్మకం నీ ఇంటికే తెస్తది. నేనేమన్నా మూటగట్టుకు పోతానా?”

తరువాత కొత్త మేనేజరు వచ్చాడు. ఆయాలు వారం వారం గదులు మారాలన్నాడు. ఒక చేతికి మరిగితే పిల్లలు మొండికేస్తారట, ఏడిస్తే ఎత్తుకోకూడదట. తన కుర్చీ ఎవరైనా జానెడు జరిపితే గగ్గోలు పెట్టే మనిషి, పాలు తాగే పిల్లకు చేతులు మారిస్తే ఏమీ కాదన్నాడు! దుర్గ రెండు రోజులు గొంతు బొంగురుపోయేలా ఏడ్చింది. మూడో రోజు ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

“చూశావా, అలవాటైపోయింది,” అన్నాడు మేనేజరు.

“అలవాటు కాదయ్యా. ఇంకెవరూ రారని దానికి తెలిసిపోయింది,” అని కోటమ్మ ఆ వారం తనకు పడ్డ పక్క గదిలోంచి వచ్చి, అందరి ముందే పిల్లను ఎత్తుకుంది.

ఆ సాయంత్రమే ఆయన నన్ను పిలిచాడు. “నీ అక్షరాలు బాగుంటాయిగా, రాయమ్మా.” చెప్పిన మాట వినడం లేదు, పిల్లలను చెడగొడుతోంది, పనిలోంచి తీసేయగలరు. ఒక్క అక్షరం వంకర పోకుండా రాశాను. తెలియక రాసి ఉంటే నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. పసిపిల్లల మనసు గురించి దొరికిన పుస్తకమల్లా చదివి, డైరీ నిండా ఎత్తిరాసుకున్నదాన్ని. కోటమ్మ చెప్పింది నిజమని ఆ షెడ్డులో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నోరు పెగల్లేదు, చెయ్యి మాత్రం ఆడింది. బిడియమని నేను చెప్పుకునేదానికి అసలు పేరు పిరికితనం.

ఆ కాగితంతో కోటమ్మ పని పోయింది. ఆమె వెళ్లిన మర్నాటి నుంచి పాలవేళకు రిజిస్టరు మూసేసి ఆ గదికి వెళ్లడం మొదలుపెట్టాను. “అది నీ పని కాదు,” అన్నాడు మేనేజరు. “కాదండీ,” అని చెప్పి వెళ్లాను. దుర్గ నా వేలు పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది. పసిపిల్లలకేం తెలుస్తుందిలే అని ఇప్పుడు ఎవరైనా అంటే, నలుగురిలో ఉన్నా సరే, నేను ఊరుకోవడం లేదు. గొంతు వణుకుతుంది. వణుకుతూనే చెబుతాను.

కోటమ్మకు చదువు రాదు. ఆ కాగితం మీది దస్తూరీ ఎవరిదో ఆమెకు తెలియదు. వెళ్లిపోయే రోజు గేటు దగ్గర నన్నే వెతుక్కుంటూ వచ్చింది. రోజూ దుర్గను ఎత్తుకునేటప్పుడు భుజాన వేసుకునే పాత చీర ముక్కను నా చేతుల్లో పెట్టింది.

“ఇది ఉతకమాక తల్లీ. నా వాసన పోతే అది ఎతుక్కుంటది.”