సైరన్ మోగితే ముందు బాపు బట్టలే

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం రెండున్నరకు బాపు పనిచేసే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో సైరన్ మోగిందంటే గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసంతా ఒక్కసారిగా కదిలేది. పొయ్యి మీద కూర ఉన్నా సరే, చంటిదానికి అన్నం తినిపిస్తున్నా సరే... ఆడవాళ్లంతా దండేల దగ్గరికి పరుగే. ఇంకాసేపట్లో బ్లాస్టింగ్. గాలి మా వైపు ఉందంటే బొగ్గు దుమ్ము వచ్చి ఆరేసిన బట్టల మీద కూర్చునేది.

అందుకే మా ఇంట్లో అన్నీ ముదురు రంగులే... మెరూన్ దుప్పట్లు, కాఫీ రంగు కర్టెన్లు, నాకు ముదురు నీలం గౌన్లు. అమ్మ బట్టల కొట్లో మాసినా కనబడనిది చూపించమని అడిగేది తప్ప, రంగు పేరు చెప్పి అడగడం నేనెప్పుడూ వినలేదు.

ఒక ఉగాదికి మంథని నుంచి మా మేనత్త వచ్చింది. బాపుకు అక్క. గంజి పెట్టిన లేత రంగు చీరల్లో తిరిగే మనిషి. ఇల్లంతా కలియజూసి, "మీ ఇంట్ల తెల్లగున్నయి మీ పండ్లే గదనే సరోజా" అంది. అందరం పళ్లు బయటపెట్టి నవ్వాం. అమ్మ కూడా నవ్వింది... కానీ ఆ మాటను ఏడాది పాటు కడుపులో పెట్టుకుంది.

మరుసటి ఉగాదికి అత్తమ్మ మళ్లీ వస్తానని కబురు పెట్టింది. నేను అప్పుడు ఐదో తరగతి. తెలంగాణ రావడానికి ఇంకా ఐదారేళ్లుంది. ఈసారి పండగ భోజనం చాప మీద కాదని అమ్మ తేల్చేసింది. నేను హోంవర్క్ చేసుకునే బల్ల మీద వడ్డించాలి... ఆ బల్ల మీద లేత రంగు బట్టలు పరవాలి.

లేత రంగులు అద్దడానికి తెల్లబట్ట ఎక్కడిది మరి? ఇంట్లో ఉన్నది ఒక్కటే... ట్రంకుపెట్టె అడుగున బాపు పెళ్లినాటి ధోతి. అమ్మ కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, కత్తెర వేసేసింది. హోలీకి తెచ్చిన మోదుగుపూలు కొన్ని ఎండబెట్టి దాచింది కదా... వాటిని మరిగించిన నీళ్లలో పెద్ద ముక్కను ముంచింది. రెండో ముక్కకు హోలీలో మిగిలిన గులాబీ రంగు చిటికెడు. మూడోదానికి నీలిమందు నాలుగు చుక్కలు. లేత పసుపు, లేత గులాబీ, లేత నీలం... ఆ రంగులు మా ఇంట్లో చూడటం అదే మొదలు.

పండగకు ముందురోజు అది. నల్లా నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. రంగు వేసి దండెం మీద ఆరేసేసరికి రెండు దాటింది. అమ్మ మామిడికాయలకు, కొత్త కుండకు బజారుకు వెళ్తూ ఒకటికి రెండుసార్లు చెప్పింది... సైరన్ వినబడగానే బట్టలు తీయాలని. నాకు అప్పజెప్పింది ఆ ఒక్క పనే.

సైరన్ మోగింది. పరుగెత్తాను. మొదట చేతికి అందింది తీశాను అని చెప్పొచ్చు గానీ, అబద్ధమెందుకు... వెతికి మరీ తీసింది బాపు ఖాకీ బట్టలు. మా ఇంటి అలవాటది. సైరన్ మోగితే ముందు బాపు డ్యూటీ బట్టలు, తర్వాతే మిగతావి. చొక్కా, ప్యాంటు లోపలికి తెచ్చి, మంచం మీద మడతపెట్టి మరీ బయటికొచ్చాను. ఈలోపు కిటికీలు దడదడలాడాయి. గాలి మా వైపే.

పండగ దాటితే మళ్లీ బొగ్గుబాయిలోకి దిగే బట్టలను బొగ్గు దుమ్ము నుంచి కాపాడిన తెలివి నాది!

తడి బట్టల నిండా నల్లటి చుక్కలు. పసుపు ముక్కను చేత్తో తుడవబోయాను... ఇంత పొడుగు గీత పడింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుండ పక్కన పెట్టి గడప మీద కూలబడి, ఇక చాపే వేద్దాంలే అంది, నా మొహం చూడకుండా.

ఫస్టు షిఫ్టు దిగి బాపు వచ్చాడు. వెక్కుతూనే అంతా చెప్పాను. ధోతి ముక్కలైన సంగతి ఆయన పట్టించుకోనే లేదు.

"నా బట్టలెందుకు ముందు తీసినవ్ బిడ్డా? అవి మల్ల బొగ్గులకే పోతయి గదా" అన్నాడు.

"నువ్వు తొడుక్కునేటియి గదా బాపు" అన్నాను.

అమ్మ ఆ రంగు ముక్కలను మళ్లీ నీళ్లలో ముంచబోతుంటే బాపు ఆపాడు.

"తడి మీద చెయ్యి వెట్టకుండ్రి. దుమ్ము సంగతి నాకెరుక. ఆరినంక దులుపుదాం."

ఫ్యాను కింద ఆరబెట్టాం. ఆరాక రెండు కొసలు బాపు, రెండు కొసలు నేను పట్టుకుని ఫట్‌ఫట్‌మని దులిపాం. నేను ప్రతిసారీ రెండడుగులు ముందుకు వెళ్లిపోతుంటే బాపు ఒకటే నవ్వు. దుమ్ము చాలావరకు రాలిపోయింది. రంగులు మాత్రం ఇంకాస్త తగ్గి, కంటికి మరీ మెత్తగా కనిపించాయి. నేను తుడిచిన గీత అట్లాగే ఉండిపోయింది.

పండగ పూట అమ్మ సరిగ్గా ఆ గీత మీద ఉగాది పచ్చడి కుండ పెట్టింది. నీలం ముక్క మీద భక్షాల పళ్లెం, గులాబీ ముక్క మీద పెరుగు గిన్నె. చుట్టూ నేను వేపపూత చల్లాను.

అత్తమ్మ వచ్చి బల్ల ముందు ఆగిపోయింది. బట్ట అంచును రెండు వేళ్లతో పట్టి చూసింది.

"గీ రంగులు ఏ దుకాణంల దొరికినయే సరోజా? మంథనిల నేనెన్నడు సూడలే."

అమ్మ బాపు వైపు చూసింది, నా వైపు చూసింది.

"దుకాణంల దొరకయి వదినె. మా ఓపెన్‌కాస్ట్ అద్దింది."

ఆ రోజు అమ్మ నవ్విన నవ్వు చూడాలి... తెల్లటి పళ్లన్నీ కనిపించాయి. వెళ్లేటప్పుడు అత్తమ్మ ఆ గులాబీ ముక్కను అడిగి మరీ పట్టుకెళ్లింది.

ఇప్పుడు బాపు రిటైరయ్యాడు... కొనేవన్నీ లేత రంగు చొక్కాలే. కరీంనగర్‌లో మా ఇంటి నిండా కూడా అవే రంగులు. రోజంతా ఆరేసినా ఫికర్ లేదు. మొన్న ఎక్కడో సైరన్ వినిపిస్తే చేతిలో పని వదిలేసి దండెం దగ్గరికి పరుగెత్తాను. దండెం నిండా బట్టలే... ఖాకీవి లేవు. ముందు ఏది తీయాలో తోచక అట్లాగే నిలబడిపోయాను.

బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి... సైరన్ మోగితే మీ ఇంట్లో ముందు ఎవరి బట్టలు తీసేవాళ్లు?