సగంలో ఆగిన జోలపాట

బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, బీదర్ బస్సు కోసం జహీరాబాద్‌లో కూర్చున్నాను. పక్కన హార్మోనియం పెట్టెతో ఒక ముసలి ఉస్తాద్, ఆయన వెంట ఎనిమిదేళ్ల పిల్ల. పేరేమిటని అడిగితే పిల్ల తల దించుకుంది.

"మా గల్లీ పిల్ల సార్. నాయిన ఫౌజుల ఉండె. లడాయిల పానం పోయింది. అప్పటిసంది మాట్లాడుడే బంద్. నేను పెట్టె వాయిస్తె మాత్రం పాడతది" అన్నాడాయన.

ఆయన మెట్లు నొక్కగానే పిల్ల కన్నడ జోలపాట అందుకుంది. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. తండ్రి సెలవుల్లో వచ్చినప్పుడు అంతవరకే నేర్పాడట.

"మిగిలింది నాకు రాదు. బీదర్‌ల ఎవరికన్న వస్తదేమోనని తోల్కవోతున్న."

తెలుగు పిల్లకు కన్నడ పాట వెతికిపెట్టడానికి ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి బయలుదేరాడు. గుంటూరు వాణ్ని, నాకది వింతగా తోచింది.

ఇంతలో పూలబుట్టతో కూర్చున్న ఒక అవ్వ మూడో చరణం ఎత్తుకుంది. పిల్ల లేచి ఆమె ఎదుట నిలబడి, పాట అయ్యేదాకా కదలలేదు.

"మా నాయిన గిట్లనే పాడుతుండె. మల్ల పాడవ్వా" అంది.

ఉస్తాద్ కళ్లు తుడుచుకున్నాడు. బీదర్ బస్సు వచ్చి వెళ్లిపోయింది. మాలో ఎవరూ ఎక్కలేదు.