గేటుకి ఇవతల నిలబడిన రాఘవులు తాత

నిన్న పొద్దున ఆఫీసు లిఫ్ట్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"రాఘవులు మామ పోయాడే" అంది.

నా ఫ్లోర్ వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. నేను దిగలేదు.

తెలియనివాళ్లకి: ఆయన మా అమ్మకి మేనమామ, నాకు తాత. మద్రాసులో ప్యారిస్ అనే బజారు పేటలో, కాగితాల హోల్‌సేల్ షాపులో పని. సెలవు రోజున సైకిలేసుకుని తొండియార్‌పేట రైల్వే గేటు దగ్గర బొగ్గు ఇంజిన్లకి ఫోటోలు తీయడం. అంతే ఆయన జీవితం.

ఆయన భార్య, మా అవ్వ మాటల్లో, "నన్ను తీస్తే తల తెగ్గోస్తాడు, ఇంజిన్ పొగ మాత్రం రవ్వంత పోనీడు."

ఎనభైల్లో ఒకరోజు, ఫోటోలు తీస్తుండగా, రైళ్లని తీయకూడదంటూ పోలీసు పట్టుకున్నాడు. ఫిల్ము ఇచ్చెయ్, లేదంటే కేసు అన్నాడు. తాత ఇవ్వలేదు. స్టేషన్‌కి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టారు.

అక్కడ తాత అలవాటుగా కెమెరా లివర్ లాగాడు. ఫిల్ము కదిలితే ఎడమవైపు గుండీ కూడా తిరగాలి. తిరగలేదు.

పొద్దున తొందరలో ఫిల్ము సరిగ్గా తగిలించలేదు. ఒక్క ఫోటో కూడా పడలేదు.

ఆ మాట చెప్పి, తెరిచి చూపిస్తే అప్పుడే వదిలేసేవాళ్లు.

చెప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మాటలన్నీ తమిళంలోనే, తాత మాకు తెలుగులో చెప్పేవాడు.

"దాంట్లో ఏముందయ్యా?"

"ఏముంటే ఏమి సార్. నేను నిలబడింది రోడ్డు మీద. ఏ రూలు కింద తీసుకుంటున్నారో రాసియ్యండి, ఈడనే ఇచ్చేస్తా."

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. ఈయన ఎక్కడ నిలబడ్డాడని పోలీసుని అడిగాడు.

"రోడ్డు మీదే సార్. గేటుకి ఇవతల."

పెన్ను ఆగింది. రోడ్డు మీద నిలబడినవాడి మీద రాయడానికి రూలు లేదు. కాగితం పక్కన పెట్టి, "టీ తాగి ఇంటికి పోవయ్యా" అన్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెప్తే అవ్వ తల పట్టుకుంది. "ఖాళీ ఫిల్ముకోసరమా పొద్దుగూకేదాకా ఆడ కూర్చునింది?"

"ఖాళీదని చెప్పి బయటపడితే, నిండుదైతే తప్పని ఒప్పుకున్నట్టే కదా?"

ఆరోజు తాత తీద్దామనుకున్న ఇంజిన్ మళ్లీ ఆ దారిన రాలేదు. తాత బాధపడలేదని రాయాలనిపిస్తోంది, కానీ బాధపడ్డాడు. ఆల్బంలో దాని నంబరు రాసి, ఆ పేజీ ఖాళీగా ఉంచేశాడు.

దాంతో అంతా మారిపోలేదు. తర్వాత కూడా రైళ్ల ఫోటోలు తీసేవాళ్లని పోలీసులు ఆపుతూనే ఉన్నారు. ఆపినప్పుడల్లా ఎవరో ఒకరు తాతకి కబురు పెట్టేవాళ్లు. షాపులో పర్మిషన్ అడిగి, సైకిల్ మీద వెళ్లి, వాళ్ల పక్కన నిలబడి, "రాసియ్యండి సార్" అనేవాడు.

నిన్న తాత ఇంటికి, మాలో ఎవరికీ తెలియని నలుగురు పెద్దవాళ్లు వచ్చారు. మీరెవరని అడిగాను. ఒకాయన తమిళంలో అన్నాడు, "నా దగ్గర నలభై ఆల్బంలున్నాయమ్మా. మీ తాత రాకపోతే మొదటిదే ఉండేది కాదు."

వెళ్లిరా తాతా. దారిలో నిన్నెవరూ ఆపకూడదు. ప్రశాంతంగా వెళ్లు.