అరువు ఊపిరి

తొంభైల్లో తుపాను డ్యూటీకి మా సైనిక దళాన్ని నా సొంత జిల్లాకే పంపారు. విజయవాడలో రైలు దిగాం. ట్రక్కులు బెంజ్ సర్కిల్ దాటి సముద్రం వైపు పోయాయి. దారిలో కంకిపాడు, మా ఊరు. ఆగలేదు. సాయంత్రానికి జాలర్ల పల్లె చేరాం. మోకాలి లోతు నీళ్లు. చచ్చిన గొడ్ల కంపు. మెట్ట మీది బడే మా క్యాంపు. నాది స్ట్రెచర్ మోసే పని.

డాక్టరు మేజరు గారిది విజయవాడ. పొద్దున్నే మా చేత ప్రాణాయామం చేయించేవారు. దానికి ముందూ తర్వాతా నాడి చూసి రాసుకునేవారు. పరిశోధనట. పటాలంలో చేరాకే అక్షరాలు దిద్దినవాణ్ణి, నాకేం తెలుస్తుంది? చాటుగా నవ్వుకునేవాణ్ణి.

రెండో రోజు తెల్లారేసరికి, బడి వరండాలో పడుకున్న జాలరిని కట్లపాము కరిచింది. విరుగుడు ఇంజెక్షన్ పడింది. అయినా రెప్పలు వాలాయి. చేతులు వాలాయి. ఊపిరి ఆగింది. మేజరు గారు మూతికి రబ్బరు సంచి తగిలించి గాలి నొక్కసాగారు.

ఊరి పెద్ద తొంగిచూశాడు. "గాలి కొడితే శవం లేస్తుందాండీ? మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి."

"విషానికి ఒళ్లు చచ్చుబడింది, అంతే. గుండె కొట్టుకుంటోందయ్యా!"

పెద్ద నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఊళ్లో పొడి కట్టె లేదు. మెట్టకి లాగి ఉంచిన ఆ జాలరి పడవనే చితికి చీల్చుదామని గోడవతల మాట్లాడుకున్నారు.

సిగ్నల్ వాడు రేడియోలో బోటు అడిగాడు.

"బోటు బతికున్నవాళ్లకే. మీవాడికి ఊపిరుందా? ఓవర్."

సిగ్నల్ వాడు మేజరు గారి వైపు చూశాడు. మేజరు గారు అరిచారు. "ఉందని చెప్పు! నా చేతుల్లో ఉందని చెప్పు!"

నన్ను నాడి పట్టుకోమన్నారు. అది పరిగెడుతోంది. ఆయన జాలరి చెవి దగ్గర వంగారు. "బాబాయ్, భయపడకు. గాలి లోపలికొస్తోంది, చూడు. బయటికి పోతోంది, చూడు."

"శవానికి యోగా ఏంట్రా?" గొణిగాడు సిగ్నల్ వాడు.

నాడి నెమ్మదించింది. మేజరు గారు మాట ఆపారు. మళ్లీ పరిగెత్తింది. మాట్లాడారు. తగ్గింది. అప్పుడు బయట పడవ మీద గొడ్డలి పడింది. నా వేళ్ల కింద నాడి ఎగిరిపడింది.

"సార్, వింటున్నాడు!"

నా కేకకి నాకే భయమేసింది. బయటికి ఉరికి గొడ్డలి లాక్కున్నాను. బోటొచ్చింది. బోటులోనూ, రోడ్డెక్కాక ట్రక్కులోనూ, విజయవాడ ఆసుపత్రి దాకా వంతులేసుకుని సంచి నొక్కాం.

ఆసుపత్రిలో మూడో రోజు కళ్లు తెరిచాడు. గొంతు పెగిలాక మొదటి మాట: "నా పడవ మీద గొడ్డలేసింది ఎవడ్రా? ఆపండ్రా అని అరుస్తూనే ఉన్నా."

అతను అరిచినంతసేపూ నేను పక్కనే ఉన్నాను.

రిటైరై కంకిపాడు చేరాను. జనం తూటాల సంగతులు అడుగుతారు. నాకు కనిపించేది ఆ ముఖమే. మూసిన రెప్పలు. పెదవి పక్కన పాకే ఈగ. తోలుకోలేడు. లోపల అరుస్తున్నాడు.