కల్బా పడవలో అక్కతో ఒక శుక్రవారం

మొన్న వాన పడి కరెంటు పోయిన మధ్యాహ్నం మా మనవరాలు నా పక్కన చేరి, ఇంగ్లండు కాలువల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవల్ని ఫోనులో చూపించింది. వాటి కిటికీలకి తెరలూ పైన పూలకుండీలూ ఉన్నాయి. ఒక ముసలి దంపతులు లాకు దగ్గర దిగి, తలుపుకి వీపు ఆనించి నెట్టి, నీళ్లు నిండేదాకా తీరిగ్గా టీ తాగుతున్నారు. మన కోనసీమ కాలువల మీద పడవలు నడిచిన కాలం ఎరిగినవాళ్లకి ఆ లాకుల్ని చూస్తే ఏమనిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు గానీ, నాకు మాత్రం ఆ నింపాది చూసి గుండె బరువెక్కింది. నా జన్మలో అలా తీరిగ్గా పడవ మీద గడిపిన రోజు ఒక్కటే ఉంది, అదీ కోనసీమలో కాదు, దుబాయ్ వెళ్లాక, కల్బాలో.

ఎనభైల మొదట్లో సంగతి. నేను షార్జాలో రోలా దగ్గర ఒక గుజరాతీ వాళ్లింట్లో పనికుండేదాన్ని. నాకంటే ముందే వచ్చిన మా అక్క కొండలకవతల, సముద్రపు ఒడ్డున కల్బాలో, ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. మా నాన్న పడవ లాగే మనిషి. భుజాన తాడు వేసుకుని గట్టెంట నడుస్తూ ధాన్యం పడవల్ని కాలువ పొడుగునా లాక్కుపోయేవాడు. తాడు ఒరిపిడికి ఆయన కుడి భుజం నల్లగా కాయ కట్టి ఉండేది. లారీలొచ్చి ఆ పని పోయాక ఆయన మాట్లాడటమే తగ్గించేశాడు, ఇంట్లో పొయ్యి వెలగడానికి మేమిద్దరం ఒకరి వెనక ఒకరం విమానం ఎక్కాం.

ఆయన పోయాడన్న కబురు, ఊరి నుంచి కొత్తగా పనిలోకొచ్చిన మా వరస బావ నోట ఒక గురువారం సాయంత్రం నాకు చేరింది. అప్పటికే మట్టి చేసి చాలా రోజులైందట. అక్కకి చెప్పడానికి నేను తప్ప ఎవరున్నారు? మర్నాడు పొద్దున్నే ఇంటివాళ్లని అడిగి, నలుగురితో పాటు టాక్సీ ఎక్కి, ఎర్రటి ఇసకా బోడి కొండలూ దాటుకుంటూ, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియకుండానే కల్బాలో దిగాను.

అక్క నన్ను చూసి గుమ్మంలో కాసేపు నిలబడిపోయింది. ఎందుకొచ్చావని అడగలేదు, ఇంటి దగ్గర ఎలా ఉన్నారనీ అడగలేదు. ఆ ఇంటి పెద్దామె దగ్గర సెలవు తీసుకుని, అన్నమూ వేయించిన చేపా గిన్నెలో సర్ది, ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను, పడవెక్కుదాం పద అని నన్ను బయల్దేరదీసింది. సముద్రం నేల మీదికి పాకిన పాయని అక్కడ ఖోర్ అంటారు. దానికి అటూ ఇటూ మన కోరంగిలోలాగే మడ చెట్లు. ఆ ఇంటికి చేపలు తెచ్చే ముసలాయన తన చిన్న పడవలో మమ్మల్ని ఎక్కించుకుని, నెమ్మదిగా గెడ వేస్తూ పోయాడు.

చలికాలం, మబ్బు పట్టి నీళ్లు సీసం రంగులో ఉన్నాయి. అక్క నీళ్లలో చెయ్యి పెట్టి, నాన్న మమ్మల్ని ధాన్యం బస్తాల మీద కూర్చోబెట్టడం, లాకు తలుపులు తెరుచుకున్నప్పుడు నేను భయపడి ఏడవడం, అన్నీ తల్చుకుంటూ చెప్పింది, నవ్వింది కూడా. నాకు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను, తిన్నాక ఒడ్డు చేరాక అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా ముసలాయన పడవ వెనక్కి తిప్పాడు. అప్పుడు అక్క చెయ్యి కొంగుతో తుడుచుకుని, నా వైపు చూడకుండానే అడిగింది.

"నాన్నేనా?"

నేను తలూపాను.

"మట్టి చేసేశారా?"

"చేసేశారంట అక్కా. చాలా రోజులైందంట."

"పొద్దున నిన్ను గుమ్మంలో చూడగానే అనుకున్నాను. నువ్వు చెప్పేస్తే ఆయన పోయినట్టే కదే. ఈ ఒక్క పూటా ఉండనిద్దామని పడవెక్కించాను."

అని నా ఒళ్లో తల పెట్టుకుంది. ముసలాయన ఏమైందని హిందీలో అడిగితే నాన్న పోయాడని చెప్పాను. ఆయన గెడ పడవలో పెట్టేసి, చేతులు పైకెత్తి పెదాలు కదిపి, మాకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఆ ఇంట్లో అక్కకి ఏడవడానికి ఒక మూల కూడా లేదని ఆయనకి తెలుసేమో, ఆవిడ ఏడుపు ఆగేదాకా పడవ నీళ్ల మధ్య అలాగే నిలబడి ఉంది. తర్వాత అక్క ఆ ఉప్పునీళ్లతోనే మొహం కడుక్కుంది. దీపాలు పెట్టే వేళకి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది, నేను టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడ్డాను. కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని, సెలవిచ్చి మేం ఊరు చూసేసరికి ఏడాది దాటింది, నాన్న సమాధి మీద గడ్డి మొలిచింది.

అక్క కూడా పోయి కొన్నేళ్లయింది. ఆవిడ హైదరాబాదులో కూతురి దగ్గర కన్ను మూసిన కాసేపటికే నా ఫోను మోగింది. మట్టి వేస్తుంటే మంచం మీద కూర్చుని తెర మీద చూశాను. కబురు త్వరగా చేరడం మంచిదేనంటారు, కాదనను. కానీ నాన్న పోయాక కూడా, ఆ కబురు సముద్రం దాటి వచ్చేదాకా, ఈసారి వెళ్లేటప్పుడు ఆయనకి ఏ రంగు దుప్పటి కొనాలా అని నేను రోలా కొట్లలో చూస్తూనే ఉన్నాను, మా వరకూ ఆయన బతికే ఉన్నాడు. అక్కని అలా ఉంచుకోవడానికి నాకు ఒక్క పూట కూడా దొరకలేదు.